ఇరవై మూడు ముద్రలు

ఆదివారం బండికి చేయాల్సిన పనులు చినాత్సు కాగితం మీద రాసుకుంది.

ముందువైపు దీపం తీసేసి ఎల్‌ఈడీ పెట్టాలి.

మందుల సంచి పట్టేంత పెద్ద పెట్టె వెనకాల బిగించాలి.

చలి మొదలవుతోంది, హ్యాండిలుకు వేడెక్కే పిడులు వేయాలి.

ఇంజనాయిలు మార్చాలి.

చైనుకు ఆయిలు కొట్టాలి.

ముందు చక్రం బ్రేకు వైరు చూడాలి.

సాయంత్రానికి మొదటి నాలుగూ అయ్యాయి. మిగిలిన రెండూ వచ్చే ఆదివారానికి పెట్టుకుంది.

బండి ఆమె కంటే ఏడేళ్ళు పెద్దది. ఒనోమిచి కొండవాలులో, కార్లు పట్టని సందుల్లో, మంచం దిగలేని ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళే నర్సు చినాత్సు. ఈ ఊరు వచ్చి నాలుగు నెలలు. ఆ బండి లేకపోతే రోజుకు ఏడిళ్ళు కాదు, మూడిళ్ళు కూడా తిరగలేదు.

సోమవారం మధ్యాహ్నం ఒక రోగిని చూసి కిందికి వచ్చేసరికి చైనుకు ఆయిలు కొట్టి ఉంది.

చక్రం నట్టు మీద తెల్లరంగుతో సన్నని గీత. బిగించినట్టు గుర్తు.

గురువారం చూస్తే బ్రేకు బిగువు మారింది.

ఆమెకు భయం వేసింది. ఈ వాలులో ఎవడో తన బ్రేకు విప్పుతున్నాడు.

ఆ తర్వాతి సోమవారం కావాలనే తొందరగా దిగి వచ్చింది. బండి పక్కన ఒక ముసలాయన గొంతుక్కూచుని ఉన్నాడు. బూడిదరంగు పనిబట్టలు, మెడలో తువ్వాలు, చేతిలో పానా.

"ఏం చేస్తున్నారు?"

"ఏం లేదమ్మా. వైరు చివర పోగులు లేస్తున్నాయి. మార్చాలి."

"నా బండి ముట్టుకోమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి?"

ఆయన పానాను తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"కొత్త దీపం బాగుంది. దీపం బండిని ఆపదు కదమ్మా."

చినాత్సుకు ఒళ్ళు మండింది.

"చాటుగా బండ్లు విప్పేవాళ్ళ దగ్గర నేను బుద్ధులు నేర్చుకోనక్కర్లేదు. ఇంకోసారి కనిపిస్తే పోలీసులకు చెబుతాను."

ఆయన నడుం వంచి దణ్ణం పెట్టి, మెట్ల మీదుగా పైకి వెళ్ళిపోయాడు.

ఆమె తిన్నగా పేట పెద్ద కవాచి గారింటికి వెళ్ళింది. డెబ్బై దాటిన ఆవిడ అంతా విని, కాగితం, కలం తీసింది.

"పోలీసులెందుకులే నర్సమ్మా. అట్ట తిప్పుదాం."

పేటలో ఏ కబురైనా కాగితం మీద రాసి, అట్టకు తగిలించి ఇంటింటికీ పంపుతారు. చదివినవాళ్ళు ఇంటిపేరు ముద్ర వేసి పక్కింటి గుమ్మంలో పెట్టాలి.

కవాచి గారు రాశారు. *నిలిపి ఉంచిన బండ్లను ఒక వృద్ధుడు ముట్టుకుంటున్నాడు. బూడిదరంగు పనిబట్టలు. అందరూ జాగ్రత్త.*

"మెడలో తువ్వాలు కూడా రాయండి," అంది చినాత్సు.

కలం ఆగింది. "అదీ రాయాలా?"

"గుర్తుపట్టాలి కదండీ."

"గుర్తుపడతారు," అంటూ ఆవిడ తల ఎత్తకుండానే రాసింది.

తొమ్మిది రోజులకు అట్ట తిరిగొచ్చింది. ఇరవై మూడు ఇళ్ళు, ఇరవై మూడు ముద్రలు. ఎవరూ ఒక్క మాట అనలేదు.

ముసలాయన మళ్ళీ కనిపించలేదు. చినాత్సు ఊపిరి పీల్చుకుంది. వైరు సంగతి ఒక ఆదివారం నుంచి ఇంకో ఆదివారానికి జరుగుతూ పోయింది.

నవంబరు ఆఖరున, పైసందులోంచి దిగుతుండగా, ముందు బ్రేకు వైరు తెగి, పిడి ఖాళీగా చేతిలోకి వచ్చేసింది. బండి వెళ్ళి రాతిగోడకు కొట్టుకుంది. భుజం దగ్గర ఎముక విరిగింది.

స్టేషన్ దగ్గర మెకానిక్ బండి చూసి అడిగాడు.

"దీన్ని ఇంతకుముందు ఎవరు చూసేవారండీ?"

"ఎందుకు?"

"నట్టు నట్టుకీ గీత పెట్టారు. పని తెలిసిన చెయ్యి. నెలన్నర నుంచి మాత్రం ఎవరూ చూసినట్టు లేదు. చూసుంటే ఈ వైరు ఇంతదాకా రానిచ్చేవాళ్ళు కాదు."

కట్టు కట్టిన చేత్తోనే చినాత్సు కవాచి గారింటికి వెళ్ళింది.

"ఆ పెద్దాయన ఎవరో మీకు తెలుసు కదూ?"

ఆవిడ టీ పోసింది. "తెలుసు," అంది.

"అప్పుడే చెప్పొచ్చు కదండీ."

"మీరు భయపడి వచ్చారు. ఆయన సంగతి చెబితే మీ భయం ఇంకా పెరుగుతుందనుకున్నాను. మిగతావాళ్ళు కూడా, నేను రాశానంటే ఏదో కారణం ఉంటుందనుకుని ఊరుకున్నారు."

"అందరికీ తెలుసా?"

కవాచి గారు లోపలికి వెళ్ళి ఆ పాత కాగితం తెచ్చారు.

"పదిహేడో ముద్ర చూడండి."

ఇనోకుచి అని ఉంది. ఎర్రగా, కాస్త కూడా వంకర లేకుండా.

"ఆయనింటికి కూడా ఇది వెళ్ళిందా?"

"పేటలో ఇల్లే కదా. చదివాడు, ముద్ర వేశాడు, పక్కింటి గుమ్మంలో పెట్టాడు. ఆ రోజు నుంచి మళ్ళీ గడప దాటి కిందికి దిగలేదు."

చినాత్సు లేచింది. "ఇల్లు చూపించండి. నేను వెళ్ళి మాట్లాడతాను."

కవాచి గారు ఈ వారం తిరగాల్సిన అట్టను ఆమె ముందుకు జరిపారు. అది చావు కబురు.

"ఒంటరి మనిషి. పోయిన రెండు రోజులకు గానీ మేం చూడలేదు."

ఇది చదివినవాళ్ళు ఇనోకుచి సదావో అనే పేరు గుర్తుంచుకోండి: చినాత్సు కంటే ముందు ఇదే పని చేస్తూ, ఇదే వాలులో బ్రేకు వైరు తెగి చనిపోయిన నర్సుకు తండ్రి ఆయన, ఆ ముందురోజు కూతురి బండిని ఒకసారి చూసి, "బాగానే ఉంది, వెళ్ళు," అన్న మనిషి.