పదిహేడో హోల్ దగ్గర

"బంతి ఇక్కడికెలా వచ్చింది?"

టోర్నమెంట్ అధికారి గట్టిగా అడగలేదు. అయినా పైన్ చెట్ల కింద ఉన్న అందరికీ వినిపించింది.

1979 మే నెల. జార్జియాలో కాలేజీ అమ్మాయిల గోల్ఫ్ పోటీలకి ఆఖరి రోజు. పద్దెనిమిదింట్లో ఇంకో రెండు హోల్స్ గట్టెక్కితే కప్పు కోచ్ జగన్మోహన్ టీమ్‌దే.

అవతలి టీమ్ తరఫున స్కోరు రాస్తున్న పెద్దాయన వేలు చూపించాడు. తను దూరం నుంచి చూసినప్పుడు, జగన్మోహన్ టీమ్ అమ్మాయి మీనా కొట్టిన బంతి చెట్టు వేరుకి ఆనుకుని ఉందిట. అక్కణ్ణుంచి ఎవరి తరమూ కాదు కొట్టడం. ఇప్పుడేమో మూరెడు ఇవతల, మెత్తటి గడ్డి మీద ఉంది.

గోల్ఫ్‌లో బంతి ఎక్కడ పడితే అక్కణ్ణుంచే కొట్టాలి. దొంగచాటుగా జరపడం కంటే పెద్ద తప్పు ఆ ఆటలో లేదు.

"ఎవరైనా కదిపారా?"

మీనా తలెత్తి కోచ్ వంక ఒక్కసారి చూసింది. జగన్మోహన్ చూపు తిప్పుకున్నాడు.

"నేనే," అంది మీనా.

ఆమెని పోటీలోంచి తీసేశారు. కప్పు పోయింది. వారం తిరక్కుండానే కాలేజీ ఆమె స్కాలర్‌షిప్ రద్దు చేసింది.

జగన్మోహన్ ఆ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. వాల్తేరులో ఉన్న రోజుల్లో గోల్ఫ్ ఆడేవాడని తెలిసి, రెండేళ్ళ కిందట కొత్తగా పెట్టిన అమ్మాయిల టీమ్‌ని అతని నెత్తిన పెట్టారు. ఉద్యోగం ఏడాదికేడాది పొడిగించేదే. గ్రీన్‌కార్డ్ పేపర్లు ఇంకా కాలేజీ వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. కప్పు తెస్తే పర్మనెంట్ చేస్తామని డీన్ ఆశ పెట్టాడు.

టీమ్‌లో అందరికన్నా బాగా ఆడేది మీనా. స్నేహితుడు డాక్టర్ రాజగోపాల్ కూతురు. మైదానంలో 'కోచ్' అనేది. ఇంటికొస్తే 'అంకుల్' అంటూ తిరిగేది. జగన్మోహన్ భార్య శాంతి చేత పెసరట్లు వేయించుకుని, వంటింట్లో నిలబడే తినేది.

ఆ రోజు వ్యాన్‌లో తిరిగి వస్తుంటే మిగతా అమ్మాయిలెవరూ మీనాతో మాట్లాడలేదు. అందరూ దిగాక ఆమె డ్రైవర్ సీటు పక్కకి వచ్చింది.

"శాంతి ఆంటీకి చెప్పకండి అంకుల్. షీ విల్ బీ హర్ట్."

అతను స్టీరింగ్ వదల్లేదు. తల మాత్రం ఊపాడు.

మర్నాడు ఊరి పేపర్లో అతని ఫొటో వేశారు. తనవాళ్ళ పిల్లయినా వెనకేసుకు రాని కోచ్ అని రాశారు. విలేఖరి ఎంత అడిగినా అతను నోరు విప్పలేదు. అది కూడా అతని గొప్పతనంగానే అచ్చయింది.

కప్పు రాకపోయినా డీన్ ఉద్యోగం పర్మనెంట్ చేశాడు. "కప్పులు ఎవరైనా తెస్తారు. నీలాంటివాడు దొరకడు," అని భుజం తట్టాడు.

ఊళ్ళో ఉన్నవి పదిహేను తెలుగు కుటుంబాలు. ఎక్కడ కలిసినా ఇదే మాట. "డాక్టరుగారమ్మాయి చీటింగ్ చేసిందిటగా!" రాజగోపాల్ తలెత్తుకోలేకపోయాడు. ఎందుకు చేశావని కూతుర్ని అడిగాడు, తిట్టాడు, చివరికి మాట్లాడటం మానేశాడు. ఆమె ఒక్క ముక్క చెప్పలేదు. ఆ వేసవిలోనే చదువు వదిలేసి ఎక్కడో పడమటి తీరాన ఉన్న ఆరిగన్ వెళ్ళిపోయింది.

జగన్మోహన్ టీమ్ ఆ తరవాత మూడుసార్లు కప్పు గెలిచింది. వేరే కాలేజీల వాళ్ళు తమ కోచ్‌లని అతని దగ్గరికి పంపేవారు. తన ఆటగత్తె బంతి చెట్లలోకి పోతే జగన్మోహన్ అటు అడుగు వేసేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని దారి మీదే నిలబడేవాడు. నిజాయితీ అంటే అదీ అని చూసినవాళ్ళు చెప్పుకునేవారు. శాంతి గోడకి తగిలించిన షీల్డులు రెండుసార్లు పెట్టెలో పెట్టేశాడు. మూడోసారి ఆమె అలిగితే వదిలేశాడు.

1983లో ఎలాగో నంబరు సంపాదించి ఆరిగన్‌కి ఫోన్ చేశాడు.

"మీనా, నేను మీ నాన్నతో మాట్లాడతాను."

"వద్దు అంకుల్. ఇట్స్ ఓవర్. ఆంటీ ఎలా ఉన్నారు?" అంది. జవాబు వినకుండానే పెట్టేసింది.

వద్దంది కదా అని అతను ఊరుకున్నాడు.

1988లో కాలేజీ అతనికి సన్మానం పెట్టింది. హాలు నిండిపోయింది. ముందు వరసలో శాంతి పట్టుచీర కట్టుకుని కూర్చుంది. వేదిక ఎక్కబోతుంటే ఎవరో చెయ్యి పట్టుకున్నారు. రాజగోపాల్. జుట్టంతా నెరిసిపోయింది.

"జగన్మోహన్ గారూ, తొమ్మిదేళ్ళుగా చెప్పాలనుకుంటున్నాను. మా అమ్మాయి మూలంగా ఆ రోజు మీకు తలవంపులొచ్చాయి. తండ్రిగా క్షమాపణ అడుగుతున్నాను."

రెండు చేతులూ జోడించాడు. జగన్మోహన్ గబుక్కున ఆ చేతులు పట్టుకుని దించాడు.

"మీనా ఎలా ఉంది?"

"పెళ్ళి చేసుకుందిట. ఎవరో చెప్తే తెలిసింది. నేను వెళ్ళలేదు. పిలవలేదు కూడా లెండి." నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

వేదిక మీద డీన్ జగన్మోహన్ గురించి పావుగంట మాట్లాడాడు. అందులో సగం ఆ పదిహేడో హోల్ కథే. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది రాజగోపాలే.

జగన్మోహన్ మైకు ముందుకి వచ్చాడు. రాసి తెచ్చుకున్న కాగితం జేబులోనే ఉండిపోయింది. శాంతి వంక చూశాడు. చప్పట్లు ఆగేదాకా ఆగాడు.

"రాజగోపాల్ గారూ, ఆ రోజు చెట్టు కింద బంతిని కాలితో తోసింది మీ అమ్మాయి కాదు, నేను."