అరవై సెకన్ల వంతెన

"ఇరవై రెండు," అంది ఫిజియోథెరపిస్టు అరుణజ్యోతి, ఒరిగిపోతున్న ముత్తమ్మను నడుముకు కట్టిన బెల్టు పట్టి ఆపుతూ. "అరవై సెకన్లు నిలబడాలమ్మా. మళ్ళీ ఎడమవైపే ఒరిగారు."

ముత్తమ్మ కళ్ళకున్న బరువైన డబ్బా తీసి నొసలు తుడుచుకుంది. అది పెట్టుకుంటే వాగు మీద సన్నటి వంతెన కనిపిస్తుంది. కాళ్ళ కింద కదిలే చెక్క ఉంటుంది. నిమిషం పాటు ఒరగకుండా నిలిస్తే, తుంటి విరిగిన మనిషి ఇక తోడు లేకుండా నడవొచ్చట. దిల్‌సుఖ్‌నగర్ దాటాక కొత్తపేటలో ఉన్న ఆ ఫిజియోథెరపీ సెంటర్‌కు కొత్తగా వచ్చిన వైద్యం అది.

కొడుకు ఉపేందర్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పదకొండింటికి ఎల్బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో. సమ్మె మొదలై ఇరవై రోజులు, బస్సులు లేవు. ఇంటికొక్కరు రావాలని బస్తీ కమిటీ చెప్పింది. రాని ఇంటిని ఎవరూ ఏమీ అనరు గానీ, రేపటి నుంచి ఆ ఇంటివైపు చూసే చూపే వేరు. వీళ్ళింట్లో ఉన్నది తల్లీ కొడుకులిద్దరే. పోయిన వారం లాఠీ దెబ్బకు ఉపేందర్ తలకు తొమ్మిది కుట్లు పడ్డాయి. అక్కడే ఇంకో దెబ్బ తగిలితే బతకడం కష్టమని డాక్టర్ అననే అన్నాడు. వింటేగా ఈ మొండిఘటం!

"అమ్మా, జర మనసు పెట్టి నిలబడు. నిన్ను ఇంట్ల దింపి నేను పోవాలె."

"కాళ్ళు నా మాట ఇంటలేవు కొడుకా. నన్ను ఇడిసిపోతవా?"

రెండోసారి పద్దెనిమిది. మూడోసారి పదకొండు. పోయిన వారం నలభై దాటిన మనిషికి ఇవాళ ఏమైందో అరుణజ్యోతికి అంతుపట్టలేదు. ఉపేందర్ ఫోన్ మోగుతూనే ఉంది. దోస్తు జగన్. ఎత్తి ఏం చెప్పాలో తెలియక కట్ చేశాడు. తల్లి మీద పట్టరాని కోపం వచ్చింది. ఆమె ముఖం చూశాక ఆ కోపం దిగిపోయింది.

ముత్తమ్మ మూలుగుతూ పెరటి గుమ్మం పక్కనున్న తెర వెనక్కి వెళ్ళింది. గంటసేపు కాపడం పెట్టాలని, ఆడవాళ్ళ వైపు రాకూడదని చెప్పి అరుణజ్యోతి కూడా లోపలికి పోయింది. కాసేపటికి ఒక్కతే బయటికొచ్చింది. ఆవిడకు నిద్రపట్టింది, లేపొద్దంది. అతనివైపు చూడకుండానే అంది.

పదకొండు దాటింది. పన్నెండు కావస్తోంది. ఉపేందర్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. జగన్ మళ్ళీ చేస్తే ఈసారి ఎత్తాడు.

"ఏమనుకోకురా, అమ్మను ఇడిసి రాలేకపోయిన."

అవతల నినాదాల హోరు. పోలీసులు పోరగాళ్ళను వెతికి వెతికి వ్యాన్లలో పడేస్తున్నారని, ముసలివాళ్ళ జోలికి మాత్రం పోవడం లేదని జగన్ అరుస్తూ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నువ్వు రాకున్నా ఏం పర్వాలేదురా. మీ అమ్మ గీడ డివైడర్ గోడెక్కి నిలబడ్డది."