తెర డాక్టరు

టైలరు మంచం మీద ఉన్నాడు. కత్తెర పట్టే కుడిచెయ్యి పక్కన చచ్చుబడి పడి ఉంది. మూతి ఒక పక్కకు జారింది. ఏదో చెప్పబోతే మాట ముద్దగా వస్తోంది.

"మెదడులో రక్తం గడ్డకట్టినట్టుందమ్మా" అన్నాడు డ్యూటీ డాక్టరు, టైలరు కూతురితో. "కరిగించే ఇంజెక్షన్ ఉంది. ఎంత తొందరగా ఇస్తే ఆ చెయ్యి అంత దక్కుతుంది. కానీ స్కాన్ చూసి పెద్ద డాక్టరుగారు సరేననాలి."

"ఆయనెక్కడున్నారండీ?"

డ్యూటీ డాక్టరు చక్రాల స్టాండు మీదున్న టీవీని మంచం దగ్గరకు లాగాడు. ఆ వెనకే మేనేజరు దిగబడ్డాడు. కొత్త మనిషి కనబడితే తన తెలివితేటలు చెప్పుకోకుండా ఉండలేడు.

"ఇలాంటి స్పెషలిస్టును ఇక్కడే పెట్టుకుంటే జీతమిచ్చేసరికి మా పని అయిపోతుందమ్మా. అందుకే పదకొండు ఆస్పత్రులం కలిసి ఒక్కరినే మాట్లాడుకున్నాం. ఇంట్లోనే కూచుంటారు. పగలూ రాత్రీ ఎవరు పిలిస్తే వాళ్లకు పలుకుతారు. ఇంకో మనిషిని పెట్టండి, నావల్ల కావట్లేదని గొడవ. ఎందుకూ, ఈయనతోనే నడిచిపోతోందిగా."

అక్కడ మనిషి చొంగ దిండు మీద కారుతుంటే ఇవీ కబుర్లు. వింటే ఒళ్లు మండుతుంది. కూతురు తండ్రి మూతి తుడుస్తూ, చూపు తిప్పకుండా తెరవైపే చూస్తోంది.

తెర వెలిగింది. మాసిన గడ్డం, నిద్ర లేని కళ్లు, వెనక కిటికీ దగ్గర టేబుల్ ఫ్యాను. పెద్ద డాక్టరు చేతిలోంచి జారిన పెన్ను వెతుక్కుని తీసుకున్నాడు.

"రెండు చేతులూ ఎత్తమనండి."

ఒకటే లేచింది.

"నవ్వమనండి."

సగమే నవ్వు వచ్చింది.

"స్కాన్‌లో రక్తస్రావం ఏమీ లేదు. ఇక ఇంజె..."

మాట అక్కడే తెగింది. తర్వాత ఏదో ముద్దముద్దగా వినబడింది.

"సార్, అర్థం కాలేదు. ఇవ్వమంటారా?"

తెర మీద మొహం సగం కదిలింది, సగం కదల్లేదు. కాసేపటికి అదీ ఆగిపోయింది.

"మళ్లీ బొమ్మ ఇరుక్కుంది. దిక్కుమాలిన నెట్" అని మేనేజరు పెట్టె మీద ఒక్కటి చరిచాడు. దొరికినవాటిలో చవక లైను ఏరి తెచ్చింది తనే. ఆ ముక్క మాత్రం నోట రాలేదు. సిగ్గుంటే కదా. ఆ గదిలో మాట నలగడం, బొమ్మ నిలిచిపోవడం రోజూ ఉండేదే.

డ్యూటీ డాక్టరు సిరంజి పట్టుకుని నిలబడ్డాడు. "నేనే ఇచ్చెయ్యనా సార్?"

"ఆయన నోటితో అనాలి. రేపు ఏమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుంది" అన్నాడు మేనేజరు.

"అయ్యా, మా నాన్న..."

"ఉండమ్మా" అని మేనేజరు స్విచ్ ఆపేశాడు.

కాసేపాగి మళ్లీ కలిపారు. అవతల మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.

"చూశారా, లైను పూర్తిగా పోయింది" అంటూ మేనేజరు నెట్ కంపెనీకి ఫోన్ చేసి తిట్ల దండకం అందుకున్నాడు.

కూతురు డ్యూటీ డాక్టరు చొక్కా పట్టి లాగింది.

"బొమ్మ ఆగిపోతే, ఆయన వెనక ఫ్యాను అంతసేపూ ఎలా తిరిగిందండీ?"