ఆ ప్రకటనలో ఫ్లూటు

అన్న చెప్పులు కూడా విప్పకుండా తమ్ముడి గదిలోకి వచ్చి, ఫోనులో సబ్బు ప్రకటన పెట్టాడు. అందులో ఫ్లూటు మోగింది.

"ఇది వాయించింది నువ్వే కదూ?"

అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటున్న తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. అది చూసి అన్న అనుమానం ఇంకా ముదిరింది. పైగా ఒంటి మీద చొక్కా కూడా కొత్తదే.

"ఎనిమిది నెలలుగా నన్ను ఒక్క స్టూడియో కూడా పిలవలేదు. నా గమకాలు నేను నేర్పిన నీకు తప్ప ఎవరికొచ్చు? నాకో మాటైనా చెప్పకుండా వెళ్ళి వాయించొచ్చావు."

"నేనా? అది నువ్వే వాయించావనుకుని, అన్నయ్యా, నీతో మాట్లాడటం మానేశాను."

"కథలు చెప్పకు. మరి ఈ కొత్త చొక్కా ఎక్కడిది?"

"షాపింగ్ మాల్ వాళ్ళిచ్చారు. ఇవాళ్టి నుంచి గేటు దగ్గర కాపలా." తమ్ముడు భుజం మీది బిళ్ళ చూపించాడు.

అన్న కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంకోసారి పెట్టు," అన్నాడు తమ్ముడు. "ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో వింటే, ఎవడో తెలిసిపోతుంది."

ఫ్లూటు మొదలవగానే, తామే వాయిస్తున్నట్టు ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. తమ్ముడు ముందు వదిలేశాడు. మొహం ఎర్రబడ్డాక అన్న కూడా వదిలేశాడు.

ఫ్లూటు మాత్రం ఎక్కడా ఆగలేదు.

"మనిషి కాదురా," అన్నాడు అన్న నెమ్మదిగా. "కంప్యూటరు. మన పాత రికార్డింగులన్నీ విని నేర్చేసుకుంది."

తమ్ముడు చివరి గుండీ పెట్టుకుని బయల్దేరబోయాడు. అన్న కూడా లేచాడు.

"ఆ మాల్‌కి ఇంకో గేటేమైనా ఉందేమో కనుక్కోరా."