రెండు దెబ్బలు

డ్రైవర్లు లేని భారీ లారీలు దేశమంతటా రౌండ్ సర్కిళ్ల దగ్గర మొరాయిస్తున్నాయి. ఫిర్యాదు రానిది తాళ్లపాలెం ఒక్కటే. కారణం చూద్దామని ఇంజినీరు అక్కడికి వచ్చాడు.

గాలిమర రెక్క మోసుకుంటూ ఒక లారీ వచ్చి ఆగింది. అంత పొడవు బండి తిన్నగా పోయేలా దారి ఇవ్వడానికి సర్కిల్ మధ్య దిమ్మ నేలలోకి దిగింది. కాపలా ఉండే పైడమ్మ చుట్టూ తిరిగి చూసి, లారీని అరచేత్తో రెండుసార్లు ధబధబా కొట్టింది. లారీ కదిలింది.

"ఎన్నాళ్లుగా కొడుతున్నారమ్మా?"

"పన్నెండేళ్లు బాబూ. మా అయ్య లారీ క్లీనరు, దారి బాగుంటే బండిని రెండు దెబ్బలు కొట్టి పొమ్మనేవోడు. ఆడి అలవాటే నాకూ వచ్చింది."

ఇంజినీరు తల పట్టుకున్నాడు. "ఒక లారీ నేర్చుకుంటే అన్నీ నేర్చుకుంటాయి. ఇప్పుడు ఎవరో ఒకరు కొట్టందే దేశంలో ఏదీ కదలడం లేదు!"

పైడమ్మ నడుం నిటారుగా చేసి నిలబడింది.

"అయితే గట్టిగా కొట్టమని సెప్పండి బాబూ. మెల్లగా కొడితే నా బళ్లు కదలవు."