రెండో గది

"జలపాతం కాడ కాలు జారిందంటే నీ చెప్పు కూడా దొరకదే," అంది దేముడమ్మ.

ఆమె గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. కూతురి బూట్లు రెండూ ఆమె ఒడిలో ఉన్నాయి.

ఝాన్సీలక్ష్మి తలెత్తలేదు. తాడు చుట్ట చుట్టి సంచిలో పెట్టుకుంటోంది. తెల్లారితే రంగత్ పట్నం నుంచి బస్సులో టూరిస్టులు దిగుతారు. వాళ్లని అడవి దారిన జలపాతానికీ, ఆ పైనున్న నిప్పుకొండ రాతి గుహలకీ నడిపించే పని మొదటిసారి తన చేతికొచ్చింది. రేపు తను వెళ్లకపోతే ఆ పని ఇంకో గైడు నూకయ్యకి పోతుంది. పోతే మళ్ళీ రాదు.

"బూట్లియ్యకపోతే వట్టికాళ్లతో ఎల్తానమ్మా."

"జలగలు పీల్చేస్తాయి."

"ఉప్పు మూట కట్టుకున్నాను."

"పాము?"

"కర్రుంది."

"జోరున వాన పడితేనో?"

"తడుస్తాను."

"ఆడపిల్లకి గైడు పనేటే? నూకయ్యనే ఎల్లమను. నీ వయసులో నేను పడవల జెట్టీ దాటి అడవి మొకం సూడనేదు. మా అమ్మ మాట జవదాటి ఎరగను."

"అందుకే ఇలా ఆకు కదిల్తే వణుకుతావు. ఇంక బస్, చాలించు."

ఆ మాట గుచ్చుకుంది. దేముడమ్మ బూట్లని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"వణుకుతాను. నీకేం తెలుసు? జలపాతం పక్కన ఎడంచేతి రాయి పట్టుకోకు, ఊగుతాది. గుహలోకి వంగి ఎల్లు. రెండో గదిలోకి మాత్రం ఎవర్నీ తీసుకెళ్లకు. అక్కడ గాలికి లాంతరు ఆరిపోతాది."

ఝాన్సీలక్ష్మి చేతులు ఆగిపోయాయి. బండ చాటున ఇరుకు సందులో బోర్లా పాకితే గాని ఆ రెండో గది దొరకదు. పోయిన నెల తను ఒక్కతే వెళ్లి కనిపెట్టింది. ఇంట్లో గాని బయట గాని ఒక్కరికీ చెప్పలేదు.

"లోపల రెండో గదుందని నీకెవరు చెప్పారమ్మా?"

పొయ్యి మీద గంజి పొంగి నిప్పుల్లో పడుతున్నా దేముడమ్మ లేవలేదు. కూతురు ఆమె మొహంలోకే చూస్తూ నిలబడింది.

చివరికి తల్లి బూట్లు రెండూ కూతురి కాళ్ల దగ్గరికి తోసింది.

"మీ అమ్మమ్మ ఎల్లొద్దంది. అందుకే ఎల్లాను."