ఈశాన్యం మూల పాయింటు

చెంగయ్య అరచేతిలో అడ్డంగా పడుకున్న కొబ్బరికాయ లేచి నిలబడింది.

"ఈడే అప్పా! బోరు ఈడ వేస్తే పడుతుంది!"

నాగవేణికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదా మరి! సముద్రం అడుగున, కిలోమీటర్ల లోతు నీళ్ల కింద, చమురు ఉందో లేదో అంచనా కట్టడం ఆమె ఉద్యోగం. చదివిందంతా భూమి పొరల గురించే. అలాంటి మనిషి చూపించిన చోటు కాదని, పెదనాయన రాజారత్నం ఐరాలకు కారు పంపించి మరీ ఈ చెంగయ్యను తిరుపతికి రప్పించాడు. ఐరాల చుట్టుపక్కల బోర్లకు పాయింట్లు చూపించేది చెంగయ్యే.

"పెదనాయనా, నేను చెప్పింది పడమర పాయింటు. ఈశాన్యంలో ఏమీ లేదు. కింద ఇసుకరాయి ఉంటే సాలదు, దాని మీద గట్టి పొర మూతలాగా ఉండాల. ఈడ ఆ మూత పగిలిపోయి ఉండాది. ఉన్నదంతా ఎప్పుడో కారిపోయింటాది!"

"నువ్వు చెప్పినావనే కదమ్మా ముందు రెండు బోర్లు వేసింది?" రాజారత్నం కూడా గొంతు పెంచాడు. "రెండూ వట్టివే. ఇది మూడోది, ఇదే ఆఖరుది. ఇది కూడా పోయిందంటే నేను మట్టికొట్టుకుపోతాను."

"నాలుగింట ఒకటి పడుతుందని నోరు నొప్పెట్టేలా చెప్పినాను. అప్పుడు తల ఊపినారు!"

"చెంగయ్య నూటికి నూరు అంటాండాడు. ఐరాలలో పోయి అడుగు, ఈయన చూపించిన బోరు ఒక్కటన్నా పోయిందేమో!"

అంతే. ఉన్న అనుమానాన్ని ఉన్నట్టు చెప్పేవాళ్లంటే మనకు గిట్టదు. ధీమాగా చెప్పేవాడే ముద్దు.

ఆ ధీమా మనిషి కాస్త నసిగాడు. "ఇట్లాంటి సోట నేనెప్పుడూ సూడలేదు పాపా. అయినా కాయ లేసినాక నేనేం సేసేది?"

"విన్నారా? ఆయనకే నమ్మకం లేదు!"

"బోరు ఎప్పుడైనా ఈశాన్యంలోనే వేయాలమ్మా. వాస్తు కూడా కుదిరినాది" అంటూ రాజారత్నం సైగ చేశాడు. ఆయన పనులన్నీ చూసే జయరావు వంగి, చెంగయ్య బొటనవేలి పక్కన పసుపుబొట్టు పెట్టాడు.

నాగవేణి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు, ఉక్రోషం. నెలల తరబడి నిద్ర మానుకుని ఎంచిన చోటు, రెప్పపాటులో చెల్లకుండా పోయింది.

"వేసుకోండి! వట్టిదని తేలినాక నాగవేణి చెప్పిందనొద్దు. కాయ చెప్పిందనండి!"

చెప్పులు వేసుకుని విసవిసా వెళ్లిపోయింది.

"పోనీలే. రిగ్గు కాసుకుని ఉండాది, పాయింటు చెప్పెయ్ జయరావూ" అన్నాడు రాజారత్నం.

జయరావు చెంగయ్యను పక్కకు జరగమని, అతని కాళ్ల కింద పరిచి ఉన్న బంగాళాఖాతం మ్యాపును జాగ్రత్తగా చుట్టి, నడిసముద్రంలో ఉన్న డ్రిల్లింగ్ ఓడకు ఫోన్ చేశాడు.